లారీ తగిలిన పిల్లర్‌కు ప్లాస్టరింగ్ చాలదు

ప్రశ్న: వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే దారిలో మాది జీ ప్లస్ టూ ఇల్లు. కింద షాపులు, పైన మేం ఉంటాం. పోయిన వారం మిర్చి బస్తాల లారీ రివర్స్ చేస్తుంటే మూల పిల్లర్‌కు మూడడుగుల ఎత్తులో తగిలింది. పిల్లర్ సైజు 9 బై 12 అంగుళాలు. పెచ్చు ఊడి ఒక రాడ్ కనబడుతోంది, అక్కడి నుంచి కిందికి ఏటవాలుగా పగులు వచ్చింది. "లారీ నెమ్మదిగానే వచ్చింది, మూడు స్లాబులు మోసే పిల్లర్‌కు ఇదేం లెక్క, ప్లాస్టరింగ్ చేస్తే అయిపోతుంది" అంటున్నాడు మేస్త్రి. లారీ ఓనరు పదివేలు ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ప్లాస్టరింగ్ ఆపించండి. ఆ పగులు కప్పేస్తే రేపు వచ్చే ఇంజినీరుకు చూడడానికి ఏమీ ఉండదు.

పై బరువు మోయడం వేరు, పక్క దెబ్బ తట్టుకోవడం వేరు. ఇళ్ల పిల్లర్లను లారీ దెబ్బకు లెక్కగట్టి కట్టడం దాదాపు ఉండదు. "నెమ్మదిగా" అన్నదాన్నే చూడండి: లోడుతో 20 టన్నులున్న లారీ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనం నడిచే వేగంతో వచ్చి, తగిలాక 10 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే పిల్లర్ మీద పడే తోపు, అంటే పక్కకు నెట్టే బలం, సగటున దాదాపు 20 టన్నులు. 5 సెంటీమీటర్లలోనే ఆగితే 40. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలు. యూరప్ కోడ్‌లో పార్కింగ్ ఆవరణలో తిరిగే లారీకే 150 కిలోన్యూటన్ల తోపు, అంటే సుమారు 15 టన్నులు లెక్కలోకి తీసుకొమ్మంటారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ ఏటవాలు పగులు. పిల్లర్ మెల్లగా వంగితే మామూలుగా అడ్డం పగుళ్లు వస్తాయి, రాడ్లు సాగుతాయి, ప్రమాదం ముందే కనబడుతుంది. కానీ దెబ్బ సెకనులో చిన్న భాగంలోనే పడిపోతుంది; తగిలిన చోటు కదలడం మొదలుపెట్టినా మిగతా పిల్లర్ తన బరువు వల్ల ఇంకా కదలదు కాబట్టి ఆ కాస్త భాగంలోనే ఒత్తిడంతా చేరి, కాంక్రీట్ ఏటవాలుగా చీలి ఒక ముక్క మీద ఇంకో ముక్క జారాలని చూస్తుంది. దీన్నే షియర్ అంటారు, ఇది చెప్పకుండా వస్తుంది. పైగా పదడుగుల పిల్లర్‌కు మూడడుగుల ఎత్తులో తగిలితే ఆ తోపులో ముప్పావు వంతు కింది మూడడుగుల ముక్క గుండానే పునాదికి పోవాలి.

అక్కడ కాపాడేవి నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగులే. మీ సైజు పిల్లర్‌లో 12 ఎం.ఎం. రాడ్లుంటే కాంక్రీట్ కట్టడాల మన దేశ కోడ్ ఐఎస్ 456 ప్రకారం రింగుల మధ్య దూరం 192 ఎం.ఎం. దాటకూడదు, అంటే ఏడున్నర అంగుళాలు. రింగు కొనలు 135 డిగ్రీలకు లోపలికి వంచి ఉండాలి. చాలాచోట్ల 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు, పెచ్చు ఊడిందంటే ఆ రింగు విచ్చుకుంటుంది, రాడ్డుకు పట్టు పోతుంది.

పై బరువు కొంతవరకు మేలే చేస్తుంది, పగుళ్లను నొక్కి పట్టుకుంటుంది. మూల పిల్లర్ మీద ఆ బరువు తక్కువ కాబట్టి ఆ మేలూ తక్కువే. పిల్లర్ కాస్త పక్కకు ఒరిగిందంటే మాత్రం అదే బరువు దాన్ని ఇంకా వంచుతుంది. అందుకే ఇల్లు ఇవాళ నిలబడి ఉందన్న ధైర్యం సరిపోదు.

ఈ రోజే ఆ పిల్లర్ మీద కలిసే బీముల కింద స్టీల్ జాకీలు పెట్టించండి, ఆ మూల షాపు ఖాళీ చేయించండి. జాకీలు పెట్టేదాకా వదులు కాంక్రీట్‌ను కొట్టి తీయొద్దు. తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి తూకం గుండుతో ఒరిగిందేమో, దెబ్బకు అవతలి ముఖం మీద, ప్లింత్ (పునాది పైమట్టం) దగ్గర, పైన బీమ్ కలిసే చోట పగుళ్లున్నాయేమో చూపించండి. రాడ్లు వంగకుండా పెచ్చు ఒక్కటే పోయుంటే రిపేర్లకు వాడే సన్న కంకర మైక్రోకాంక్రీట్‌తో సరిపోవచ్చు. పగులు లోపలి దాకా పోయుంటే కొత్త రాడ్లు, దగ్గర దగ్గరగా రింగులు కట్టి చుట్టూ కనీసం నాలుగంగుళాల జాకెటింగ్ చేయాలి.

ఇంజినీరు రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ పదివేలు తీసుకోకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. లారీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో ఇలాంటి ఆస్తి నష్టం కూడా వస్తుంది. ఫొటోలు, లారీ నంబరు, పోలీస్ ఫిర్యాదు ఉంచుకోండి.

బాగు చేయించాక పిల్లర్‌కు ముందు కాంక్రీట్ నింపిన ఇనుప పైపు పాతించండి. దాని పునాది వేరుగా ఉండాలి, పైపు వంగినా పిల్లర్‌కు తగలనంత ఖాళీ వదలాలి. మూలకు యాంగిల్ బిగిస్తే అంచు గీతలు పడకుండా ఉంటుంది కానీ, దెబ్బ నేరుగా పిల్లర్‌కే పోతుంది.