జాజ్ వైబ్రాఫోన్ వాయిస్తూ బతకొచ్చా?

అమెరికాలో హైస్కూల్ బ్యాండ్‌లో వైబ్రాఫోన్ (లోహపు పలకలను చిన్న కర్రలతో కొట్టి వాయించే వాయిద్యం) వాయించే మీ అబ్బాయి జాజ్‌నే వృత్తిగా తీసుకుంటానంటున్నాడని, దాంతో ఇల్లు గడుస్తుందా అని అడిగారు. గడుస్తుందండీ, కాకపోతే కచేరీలతోనే కాదు. నేను బోస్టన్‌లో ఈ వాయిద్యం వాయిస్తాను, పిల్లలకు నేర్పుతాను. మా ఇంటి అద్దె కట్టేది ఎక్కువగా పాఠాల డబ్బే. జాజ్ బృందానికి బేస్, డ్రమ్స్ లేకపోతే పని జరగదు. వైబ్రాఫోన్ లేకపోయినా జరిగిపోతుంది. అందుకే మాకు పిలుపులు తక్కువ.

అలాగని పాఠాలు చెప్పడాన్ని తక్కువగా చూడకండి. పేరున్న వైబ్రాఫోన్ కళాకారుడు గ్యారీ బర్టన్‌నే తీసుకోండి. 1943లో ఇండియానాలో పుట్టి, ఆరేళ్ల వయసులో మొదలుపెట్టి, శాక్సోఫోన్ కళాకారుడు స్టాన్ గెట్జ్ దగ్గర వాయించి, 1967లో సొంత క్వార్టెట్ (నలుగురి బృందం) పెట్టారు. అంత పేరొచ్చాక 1971లో, తాను చదువుకున్న బోస్టన్ సంగీత కళాశాల బర్క్లీలోనే టీచర్‌గా చేరారు. డీన్ అయ్యారు, ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్ అయ్యారు, 2004 వరకూ అక్కడే ఉన్నారు. పియానో కళాకారుడు చిక్ కొరియాతో చేసిన డ్యూయెట్లు, కుర్రాడైన గిటారిస్ట్ పాట్ మెథెనీని తన బృందంలోకి తీసుకోవడం, ఇవన్నీ పాఠాలు చెబుతున్న రోజుల్లోనే. ఏడు గ్రామీలు గెలిచిన మనిషి!

నేర్పుతుంటే మన వాయింపు కూడా బాగుపడుతుంది. నాకు డ్యాంపెనింగ్, అంటే మోగుతున్న పలక మోత ఆపడం, నిజంగా అర్థమైంది పిల్లలకు చెప్పేటప్పుడే. పెడల్ తొక్కిపెడితే అల్యూమినియం పలకలన్నీ మోగుతూనే ఉంటాయి. ఒక మ్యాలెట్‌తో (వాయించే కర్రతో) కొత్త స్వరం కొడుతూ, అదే క్షణంలో ఇంకో మ్యాలెట్‌ను పాత పలక మీద మెత్తగా నొక్కి దాని మోత ఆపాలి. కొత్తవాళ్లు ముందు కొట్టి తర్వాత నొక్కుతారు, రెండు స్వరాలూ కలిసిపోతాయి. గట్టిగా నొక్కితే టక్‌మని చప్పుడొస్తుంది. ఇది చేతికి పట్టుబడ్డాక రాగం పలికే తీరే మారిపోతుంది. ఆ మార్పు పిల్లల ముఖంలో కనపడినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

చదువు సంగతికొస్తే, పెద్ద అప్పు చేసి పర్ఫార్మెన్స్ డిగ్రీ ఒక్కటే చదివించడం నాకు నచ్చదు. మ్యూజిక్ ఎడ్యుకేషన్ చదివి రాష్ట్రం ఇచ్చే టీచింగ్ లైసెన్స్ తెచ్చుకుంటే పబ్లిక్ స్కూళ్లలో ఉద్యోగానికి దారి ఉంటుంది. సాయంత్రాలు, శని ఆదివారాలు వాయించుకోవచ్చు. డ్రమ్ సెట్, మరింబా (చెక్క పలకలుండే ఇలాంటి వాయిద్యం) కూడా వచ్చుండాలి, వైబ్రాఫోన్ ఒక్కటే నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు తక్కువ. వాయిద్యం కొనడానికి మాత్రం తొందరపడకండి. బాగా ఖరీదు, బరువు, విడదీసినా చిన్న కారులో పట్టడం కష్టం. ప్రాక్టీస్‌కు స్కూల్లో ఉన్నదాన్ని వాడుకోనిస్తారేమో బ్యాండ్ డైరెక్టర్‌ను అడగండి.

ఈలోగా ఇంట్లో కీబోర్డ్ ఉంటే కార్డ్స్ (కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి వాయించడం) నేర్చుకోమనండి. నాలుగు మ్యాలెట్లతో వాయించడం మొదలుపెట్టాక అవి లేకుండా ముందుకు కదలడు.