ఊరు అందంగా ఉంటే చదువు సాగదా?

ప్రశ్న: మా అమ్మాయికి జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో మాలిక్యులర్ బయోసైన్సెస్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. వీడియోల్లో చూస్తే కోట, పాత వంతెన, ఎక్కడ చూసినా టూరిస్టులే. అక్కడ చదువు సాగుతుందా? మ్యూనిక్‌కి మారమంటే వినడం లేదు. రెండిట్లో ఏది మంచిది?

జవాబు: ఊరి పేరు మారుతుందేమో గానీ, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. మీ భయం కోట గురించి కాదు, కళ్లెదుట లేని పిల్ల ఎలా ఉంటుందోనని. ముందు దాని సంగతి చూద్దాం.

1386లో పుట్టిన యూనివర్సిటీ అది. అల్లరి విద్యార్థులు వాళ్లకు కొత్త కాదు. తాగి వీధుల్లో గోల చేసినవాళ్ల కోసం 1914 వరకు సొంత జైలే నడిపారు. ఇప్పుడు టికెట్ కొని చూడొచ్చు. గోడలు, పైకప్పు ఎక్కడా ఖాళీ లేదు, అన్నీ లోపల ఉన్న కుర్రాళ్లు గీసుకున్న తమ బొమ్మలు, పేర్లే. అంత శిక్షలోనూ క్లాసులకు మాత్రం వెళ్లనిచ్చేవారు!

మీరు చూసిందంతా నెకార్ నదికి ఒక ఒడ్డున ఉన్న పాత ఊరు. సైన్స్ క్యాంపస్ అవతలి ఒడ్డున, నోయన్‌హైమర్ ఫెల్డ్‌లో. అక్కడ ఫొటో దిగాలనిపించేది పెద్దగా ఏమీ ఉండదు. కాంక్రీటు భవనాలు, ఆసుపత్రులు, వరసగా సైకిళ్లు. జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం అక్కడే. యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీ ప్రధాన కేంద్రం కూడా ఆ ఊళ్లోనే. మీ అమ్మాయి సబ్జెక్టుకు ఇంతకంటే ఏం కావాలి? ఆదివారం షాపులు మూసేస్తారు. ఆ పూట ఫిలాసఫర్స్ వాక్ అనే కొండబాట ఎక్కి కోటకేసి చూస్తూ కూర్చుంటే కొంప మునగదు. పిల్ల నవ్వుతూ వీడియో కాల్ చేసిందంటే చదవడం లేదనుకోవడం దయచేసి మానండి.

నా అనుమానమల్లా 'జర్మనీలో చదువు ఫ్రీ' అనే మోజు మీద. హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన పిల్లలు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కడుతున్నారు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వెయ్యాలి, అందులోంచి నెలకు 992 చొప్పునే చేతికొస్తాయి. ఫ్రీ అని చెప్పినవాళ్లు ఈ లెక్క చెప్పారా? ఇంకోటి, కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా అని జర్మన్‌ని పక్కన పెట్టేస్తారు. ల్యాబులో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. బయట ఉద్యోగం వెతికేటప్పుడు, ఇంటి ఓనరుతో మాట్లాడేటప్పుడు తెలుస్తుంది బాధ. పిల్ల తిరుగుళ్ల మీద పడే టెన్షన్‌లో సగం ఈ భాష మీద పడితే ఈపాటికి ఒక లెవెల్ పూర్తయ్యేది.

ఇక మ్యూనిక్. పెద్ద నగరం, కంపెనీలు ఎక్కువ, అద్దెలూ ఎక్కువే. అంతకుమించి పోల్చను. అక్కడ ఆమెకు సీటు లేదు కదండీ!

హైడెల్‌బర్గ్‌లో కూడా గది తేలిగ్గా దొరకదు. అక్టోబరులో క్లాసులు మొదలయ్యేదాకా ఆగకుండా స్టూడెంట్ హాస్టల్‌కి ఇవాళే అప్లై చేయించండి. గది చూడకముందే డిపాజిట్ పంపమనేవాళ్లకు ఒక్క యూరో కూడా పంపొద్దు.