చిత్రకారిణి న్జిడెకా అకున్యిలి క్రాస్బీ బొమ్మల్లో కనిపించే ఫోటోలు అతికించినవేనా?

చాలావరకు కావు, అచ్చు దింపినవి. ఈవిడ 1983లో నైజీరియాలోని ఎనుగులో పుట్టారు, 1999లో అమెరికా వెళ్లి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డారు. యూరప్‌లో ఆవిడ మొదటి సోలో ప్రదర్శన 2016లో లండన్‌లోని విక్టోరియా మిరో గ్యాలరీలో జరిగింది.

పద్ధతి ఇది. నైజీరియా పత్రికల్లోవి, ఇంటి ఆల్బమ్‌లోవి ఫోటోలు ప్రింట్ తీసి, కాగితం మీద బోర్లించి, వెనక అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే మందులో ఉండేదే) పట్టించి గట్టిగా రుద్దుతారు. ఇంకు కింది కాగితానికి దిగుతుంది. కుడి ఎడమలు తారుమారై, బొమ్మ కాస్త వెలిసినట్టు పడుతుంది. నా దృష్టిలో ఆ వెలిసిపోవడంలోనే అసలు పనితనం ఉంది: జ్ఞాపకం కూడా అలాగే మిగులుతుంది కదా. దాంతోపాటు ఆక్రిలిక్, బొగ్గు, రంగు పెన్సిళ్లు వాడతారు. అక్కడక్కడా కాగితం ముక్కలు నిజంగానే అతికిస్తారు.

దూరం నుంచి చూస్తే మామూలు ఇల్లు, కూర్చున్న మనుషులు. దగ్గరికెళ్తే గోడల నిండా, నేల నిండా, ఒక్కోసారి ఒంటి మీద కూడా నైజీరియా ముఖాలే. ఫోన్‌లో అదంతా డిజైన్ వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది, కాబట్టి జూమ్ చేసి చూడండి.