పేపరు కొనకు బిడ్డా, ముందు ప్రశ్న రాసుకో

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ, అంటే జబ్బుతోనో వైకల్యంతోనో ఉన్నవాళ్లు రోజువారీ పనులు చేసుకోగలిగేలా చేసే చికిత్స) ఫైనలియర్ చదువుతున్నాను. మాది మర్రిగూడ మండలం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయిన పెద్దవాళ్లు రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారనేది ప్రాజెక్టుగా తీసుకున్నాను. గైడ్ మేడమ్ లిటరేచర్ రివ్యూ (ఆ విషయం మీద ఇప్పటికే వచ్చిన పరిశోధనల సమీక్ష) రాసుకు రమ్మన్నారు. మా లైబ్రరీలో ఉన్నవి పాత టెక్స్ట్‌బుక్కులే. నెట్‌లో వచ్చిన పరిశోధన పేపర్లేమో 30, 40 డాలర్లు కట్టమంటున్నాయి. పైగా ఫ్లోరోసిస్ మీద ఆక్యుపేషనల్ థెరపీ వాళ్లు రాసింది ఏదీ కనబడటం లేదు. టాపిక్ మార్చుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: టాపిక్ మార్చకు, ఒక్క రూపాయి కూడా కట్టకు. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే నీ ఉత్తరం చదివితే అసలు ఇబ్బంది అది కాదనిపించింది. 'ఫ్లోరోసిస్ ఆక్యుపేషనల్ థెరపీ' అని గూగుల్‌లో కొట్టి ఉంటావు, అటూ ఇటూ కానివి నాలుగు వచ్చి ఉంటాయి, ఇంకేముంది, ఏమీ లేదని భయపడ్డావు.

మీ ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) వాళ్ల పరిశోధనతో ఉన్న చిక్కే ఇది. అది ఓటీ అనే బోర్డు కింద మాత్రమే దొరకదు. పక్షవాతం వచ్చినవాళ్లు చేతితో గ్లాసు పట్టుకోవడం గురించి రాసింది స్ట్రోక్ పత్రికలో ఉంటుంది, ముసలివాళ్ల స్నానం, బట్టలు, బాత్రూమ్ గురించి రాసింది వృద్ధుల వైద్యం పత్రికలో ఉంటుంది, రాసినావిడ ఓటీ అని పేరు కింద చిన్న అక్షరాల్లో చూస్తే తప్ప తెలియదు. అందుకే వెతకడానికి ముందు ఒక తెల్లకాగితం తీసుకుని నీ ప్రశ్నను ముక్కలు చెయ్యి. ఎవరి గురించి? ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న, 60 దాటినవాళ్లు. ఏం చూస్తున్నావు? కూర్చోవడం, లేవడం, బావి దగ్గరికో నల్లా దగ్గరికో వెళ్లి నీళ్లు తెచ్చుకోవడం, వంట, దొడ్డికి వెళ్లడం. ఒక్కో ముక్కకి ఇంగ్లీషులో ఎన్ని పేర్లుంటే అన్నీ పక్కన రాసుకో. ఈ పని గంటసేపు కూర్చుని చేసినవాళ్లకి తర్వాత వారం రోజుల తిప్పలు తప్పుతాయి. ఎవరూ చేయరనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు పబ్‌మెడ్ తెరువు, వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే సైటు అది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1996 నుంచి నెట్‌లో నడుపుతున్నది, అందరికీ ఉచితం. అందులో 'మెష్' అని ఒక పదాల పట్టిక ఉంటుంది, పేపర్లకి ఆ పట్టికలోని పదాలే తగిలిస్తారు. నీకు పనికొచ్చేవి అందులో 'ఆక్యుపేషనల్ థెరపీ' ఒకటి, దానికంటే ముఖ్యంగా 'యాక్టివిటీస్ ఆఫ్ డెయిలీ లివింగ్'. ఫ్లోరోసిస్ దగ్గర జాగ్రత్త. ఉత్త 'ఫ్లోరోసిస్' అని కొడితే పళ్ల మీద గార గురించిన డెంటల్ పేపర్లే కుప్పలుగా వస్తాయి. 'స్కెలిటల్ ఫ్లోరోసిస్' అని కొట్టు, మెష్‌లో 'ఫ్లోరైడ్ పాయిజనింగ్' కింద కూడా చూడు. ఒకే అర్థం వచ్చే పదాల మధ్య 'ఆర్', వేరే వేరే ముక్కల మధ్య 'ఆండ్' పెట్టు, రెండూ పెద్ద అక్షరాల్లోనే కొట్టు. ఇంకో తమాషా, మన జిల్లా పేరు చేర్చి వెతికితే మనుషుల కంటే నీళ్లే ఎక్కువ వస్తాయి. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు కదా, ఇంజినీర్లు దాని మీద రాసినవన్నీ నీ ముందుకొచ్చి పడతాయి. వాటిని పక్కకి నెట్టెయ్.

నీ రివ్యూని రెండు కుప్పలుగా పెట్టుకో. మొదటిది జబ్బు గురించి. దీనికి కొదవ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. మన నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీదే, జిల్లా పేరు శీర్షికలో పెట్టి మరీ, 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. ఆ పత్రిక పాత సంచికలన్నీ స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్ అనే సైట్లో ఉచితంగా పెట్టారు, ఫోన్‌లో కూడా చదువుకోవచ్చు. మీ తాతల కాలం రోగుల వెన్నెముకల గురించి రాసిన పేపరు మర్రిగూడ పిల్ల చదవకపోతే ఇంకెవరు చదవాలి? తర్వాత 1973లో ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ సంస్థ మన తార్నాకలోనే ఉంది, లైబ్రరీ కూడా ఉంది.

రెండో కుప్ప పనుల గురించి, నీ ప్రాజెక్టుకి గుండెకాయ ఇదే. ఇక్కడ ఫ్లోరోసిస్ పేరుతో దొరికేవి చాలా తక్కువ, కాబట్టి పక్కింటి జబ్బుల దగ్గరికి వెళ్లు. వెన్ను బిగుసుకుపోయినవాళ్లు ఎలా వంగుతారు, ఎలా లేస్తారు అనేది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ పేపర్లలో ఉంటుంది. కింద కూర్చోలేని బాధ మోకాళ్ల ఆర్థ్రైటిస్ పేపర్లలో ఉంటుంది. జబ్బులు వేరే, ఇంట్లో పడే కష్టం దగ్గరిది. ఆ తేడా మాత్రం రివ్యూలో దాచకుండా రాయి, వైవాలో ఎగ్జామినర్ పట్టుకునేది అక్కడే. ఇంకోటి, 'దీని మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు' అని చచ్చినా రాయకు. ఫలానా డేటాబేసుల్లో, ఫలానా పదాలతో, ఫలానా తేదీన వెతికితే నాకు కనబడలేదు అని రాయి. అలా రాయాలంటే నువ్వు కొట్టిన పదాలు, తేదీ, ఎన్ని వచ్చాయన్నది ఒక నోటుబుక్కులో ఎప్పటికప్పుడు ఎక్కించుకోవాలి. అప్పుడు నువ్వు భయపడిన ఆ ఖాళీయే, ఈ ప్రాజెక్టు ఎందుకు చేస్తున్నావన్న ప్రశ్నకి జవాబు అవుతుంది.

రోగి తన పనులు ఎంతవరకు చేసుకోగలడో కొలిచే స్కేళ్ల గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తాను, ఎందుకంటే అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు. బార్తెల్ ఇండెక్స్ 1965 నాటిది, 10 అంశాలు, 100 మార్కులు, అందరూ వాడతారు. కానీ అందులో టాయిలెట్ అంటే గొంతుక్కూర్చునే మన లెట్రిన్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. మీ ఊరి ముసలాయనకి నూటికి తొంభై వచ్చినా పొద్దున్నే గోడ పట్టుకుని ఏడుస్తుండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల హూడాస్ 2.0 కూడా చూడు, 12 ప్రశ్నలది ఒకటి, 36 ప్రశ్నలది ఒకటి ఉన్నాయి. ఏ స్కేలు ఎవరి మీద పరీక్షించారు, ఎంతవరకు నమ్మొచ్చు అన్నది షికాగోలోని షిర్లీ రయాన్ ఎబిలిటీ ల్యాబ్ వాళ్ల రిహాబ్ మెజర్స్ డేటాబేస్‌లో ఉచితంగా ఉంటుంది. మీ ఓటీలో బాగా పేరున్న కొన్ని స్కేళ్లు, కెనడా వాళ్ల సీఓపీఎం లాంటివి, కొనుక్కోవాల్సినవి. ఫొటోస్టాట్ కాపీ తెచ్చి వాడేముందు మేడమ్‌ని అడుగు.

ఇక డబ్బు. డాలర్లు అడిగే పేజీ కనబడగానే ఆ పేపరు శీర్షికని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో కొట్టు, కింద 'ఆల్ వెర్షన్స్' అని ఉంటుంది, అది నొక్కితే చాలాసార్లు ఏదో యూనివర్సిటీ సైట్లో ఉచిత కాపీ ఉంటుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ వెతుకులాట అదే చేసి పెడుతుంది, చట్టబద్ధమైన కాపీలే చూపిస్తుంది. అప్పటికీ దొరక్కపోతే రాసినాయనకే నాలుగు లైన్ల మెయిల్ పెట్టు, నా అనుభవంలో చాలామంది సంతోషంగా పంపిస్తారు. మనవాళ్ల పత్రిక మరచిపోకు. 1952లో పుట్టిన ఆలిండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ నెట్‌లో ఉచితం. పల్లెల్లో పునరావాసం గురించి కావాలంటే డిజెబిలిటీ, సీబీఆర్ అండ్ ఇన్‌క్లూజివ్ డెవలప్‌మెంట్ అనే జర్నల్ కూడా ఉచితమే.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి వినే ఉంటావు, జర్నళ్లకి కేంద్రమే చందా కట్టే పథకం. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించింది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు, 2025 జనవరి నుంచి మొదలైంది. కానీ అది సర్కారు విద్యాసంస్థలకే, నీ ప్రైవేటు కాలేజీకి రాదు. ఫీజులు కట్టేది మీరు, జర్నళ్లు లేనిదీ మీకే, ఏం చేస్తాం! సెలవులకి ఊరొచ్చినప్పుడు నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది కదా, సర్కారుదే. మీ ప్రిన్సిపాల్ దగ్గర ఒక లెటర్ రాయించుకుని, లైబ్రేరియన్‌కి ముందుగా ఫోన్ చేసి, కావాల్సిన పేపర్ల జాబితా పట్టుకుని వెళ్లు. 'సార్, మెటీరియల్ కావాలి' అని అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు, 'ఈ ఆరు పేపర్లు కావాలి' అని జాబితా చేతిలో పెడితే మాలాంటి లైబ్రేరియన్లకి పట్టుదల వస్తుంది. స్నేహితుల పాస్‌వర్డ్ మాత్రం వాడకు, బయటపడితే బ్లాక్ అయ్యేది వాళ్ల అకౌంటు.

ప్రశ్న: సార్, నేను బీఓటీ మూడో ఏడు. ఏఐ యాప్‌ని అడిగితే నిమిషంలో 15 రిఫరెన్సులు ఇచ్చింది. అవే పెట్టేయొచ్చా? మా సీనియర్లు 'ఎవిడెన్స్ లెవెల్ చూసుకోవాలి' అంటున్నారు, అదేంటో కూడా చెప్పండి.
– ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: పెట్టేయొద్దు తమ్ముడూ. ఈ యాప్‌లు రచయిత పేరు నిజంది, జర్నల్ పేరు నిజంది వేసి, లేని పేపరుని సృష్టించగలవు. చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. ఒక్కొక్క శీర్షికని పబ్‌మెడ్‌లో కొట్టు, డీఓఐ (ఒక్కో పేపరుకి ఇచ్చే గుర్తింపు) నంబరు ఇస్తే అది నొక్కి ఎక్కడికి తీసుకెళ్తుందో చూడు. తెరుచుకున్నది నువ్వే చదవాలి, చదవనిది జాబితాలో ఉండకూడదు. ఏఐని వేరే పనికి వాడుకో, ఒక జబ్బుకో ఒక థెరపీకో ఇంగ్లీషులో ఇంకేం పేర్లున్నాయో అడుగు, ఆ పని బాగానే చేస్తుంది.

ఎవిడెన్స్ అంటే, ఒక రోగి గురించి రాసిన కేస్ రిపోర్టు, చీటీలు తీసినట్టు రోగుల్ని రెండు గుంపులు చేసి పోల్చిన ట్రయల్, అలాంటి ట్రయళ్లన్నీ కలిపి చూసిన సిస్టమాటిక్ రివ్యూ, ఈ మూడింటి మాటకీ ఒకే బరువు ఉండదని. రివ్యూల కోసం నెట్‌లో కాక్రేన్ లైబ్రరీకి వెళ్లు, సారాంశాలు ఎప్పుడూ ఉచితం, పూర్తి రివ్యూలు చాలావరకు ఏడాది దాటితే ఉచితంగా తెరుచుకుంటాయి. ఫిజియోథెరపీ వాళ్ల పెడ్రో డేటాబేస్‌లో ఒక్కో ట్రయల్‌కి 10కి ఇన్ని అని మార్కులు వేసి పెడతారు, మీకూ పనికొచ్చేవి అందులో చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియా వాళ్లు అచ్చంగా మీకోసమే ఓటీసీకర్ అనే డేటాబేస్ 2003లో పెట్టారు, కానీ కొత్తవన్నీ అందులో ఉంటాయని దాని మీదే ఆధారపడకు.

ప్రశ్న: మహబూబ్‌నగర్ దగ్గర ఒక భవిత కేంద్రానికి (వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిపే కేంద్రం) పోస్టింగ్ మీద వెళ్తున్నాను. తల్లులకి ఇంట్లో చేయించాల్సినవి చెప్తే తలూపుతున్నారు గానీ చేయించడం లేదు. తెలుగులో ఇవ్వడానికి మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది?
– ఓటీ ఇంటర్న్

జవాబు: ముందు బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్ వెళ్లమ్మా. 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేస్తుంది. అక్కడ లైబ్రరీ ఉంది, తల్లిదండ్రుల కోసం వేసిన పుస్తకాల్లో తెలుగువి ఏమున్నాయో అడుగు. కాలేజీ ఐడీ కార్డు, లెటర్ రెండూ పట్టుకెళ్లు. ఇంగ్లీషులో అయితే హెస్పీరియన్ సంస్థ పల్లెల్లో వైకల్యం ఉన్న పిల్లల గురించి వేసిన పుస్తకం ఉంది, పేజీ పేజీకీ గీతల బొమ్మలు, నెట్‌లో ఉచితం. చదువు రాని తల్లికి ఆ బొమ్మలు చూపించి నువ్వు పాలమూరు మాటల్లో చెప్తే చాలు.

తలూపి చేయకపోవడానికి కారణం మెటీరియల్ లేకపోవడమేనా అని నాకు అనుమానం. పొద్దున కూలికి పోయి పొద్దుగూకాక వచ్చే తల్లికి రోజుకి అరగంట వ్యాయామం అని కాగితం ఇస్తే ఎప్పుడు చేయిస్తుంది? స్నానం పోసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు చేయించగలిగేవి రెండే రెండు చెప్పి చూడు. దీని మీదా పరిశోధన బోలెడుంది, 'హోమ్ ప్రోగ్రామ్', 'అడ్హిరెన్స్' (చెప్పింది చెప్పినట్టు పాటించడం), 'కేర్‌గివర్స్' అనే మూడు పదాలు కలిపి పబ్‌మెడ్‌లో వెతుకు.