చూడని పిట్ట గురించి

గవర్నర్‌పేట, విజయవాడ

అమ్మాయీ,

ఆగ్నేయాసియా అడవి పక్షి ఆర్గస్ ఫెజంట్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘రంగురంగుల వనసుందరి నా కళ్ల ముందు పురి విప్పింది.’ గుంటూరు బ్రాడీపేట నుంచి బోర్నియో ఎప్పుడు వెళ్లొచ్చావమ్మా? ఆడేది మగపక్షి, సుందరి కాదు. రంగురంగులూ కాదు, ఎండుటాకుల్లో కలిసిపోయే గోధుమ, బూడిద రంగులు.

1854లో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్ ఇప్పటి మలేషియాలోని మలక్కా ప్రాంతంలో ఒఫిర్ కొండ కింద మకాం వేశాడు. ఆర్గస్ అరుపు వినిపిస్తూనే ఉంది. ఒకదాన్ని కొట్టిపెట్టమని అక్కడి మలయా ముసలాయన్ని అడిగితే, ఇరవై ఏళ్లుగా ఈ అడవుల్లో పిట్టల్ని కొడుతున్నా, ఎవరో పట్టి తెచ్చాక తప్ప దాన్ని చూడనే లేదన్నాడట. వాలెస్ ఆ మాటే రాశాడు. నాకు పిట్ట కనపడింది అక్కడే, నీ పురిలో కాదు.

మగది ఆడటానికి అడవిలో కాస్త నేల చేసుకుని, రాలిన ఆకూ పుల్లా ఏరేసి, సంక్రాంతి వాకిలిలా ఉంచుకుంటుంది. దీనికి నువ్వు ఒక్క ముక్క ఇచ్చి, దాని పేరుకి మూలమైన నూరు కళ్ల గ్రీకు ఆర్గస్ కథకి పేజీ ఇచ్చావు. ఆ లెక్క తిరగెయ్యి. మన ఇంద్రుడికి వెయ్యి కళ్లు, అయినా ఎవరూ పేజీ ఇవ్వరు. రెక్క ఈక ఫొటో పెద్దది చేసి చూడు. వరసగా కళ్లు, ఒక్కోదానికీ ఓ పక్క తెల్లటి మెరుపు, ఇంకో పక్క నీడ. చదునైన ఈక మీద గోళీలు పేర్చినట్టుంటుంది. ఈ నీడల్ని పట్టుకునే డార్విన్ పేజీలు పేజీలు రాశాడు.

నేనూ తక్కువ తినలేదులే. కుర్రతనంలో పక్షుల చెరువున్న ఉప్పలపాడు వెళ్లకుండానే ‘గూడబాతుల కమ్మని కూజితాలు’ అని రాశాను. ఆ ఊరి పెద్దాయన కార్డు ముక్క రాశాడు: “అయ్యా, పెద్దవి నోరు మెదపవు. గోలంతా పిల్లలదే.” వారం రోజులు సిగ్గుతో చచ్చాను.

ఉప్పలపాడు మీకు పక్కనే కదా. ఆదివారం పొద్దున్నే వెళ్లి, చెరువు గట్టున రెండు గంటలు కూర్చో. ఫోన్ సంచిలోనే ఉంచు. తర్వాత ఆర్గస్‌ని మళ్లీ రాయి. ప్రింటు తీసి పోస్టులో పంపు. వాట్సాప్‌లో పెడితే ఆ అక్షరాలు నా కళ్లకి ఆనవు.

ఆశీస్సులతో,
మాస్టారు