క్రూజ్ ఆఖరి పొద్దున: పిలిచేదాకా కేబిన్‌లోనే కూర్చోండి

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మానాన్న వచ్చారు కదా, వాళ్ళని తీసుకుని మయామీ నుంచి బహమాస్ క్రూజ్‌కి వెళ్తున్నాం. ఆఖరి రోజు మమ్మల్ని దింపేది తొమ్మిదిన్నర తర్వాతట. అప్పటిదాకా ఎక్కడ కూర్చోవాలి? ముందే వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే త్వరగా వదుల్తారా? పదకొండింటికి ఫ్లైటుంది, అందుతుందా?" అన్నాడు.

అందదు. ముందు ఆ టికెట్ మార్చుకోమన్నాను. తలుపు దగ్గర నిలబడటం గురించి మాత్రం నాకు సొంత అనుభవం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు రాస్తున్నది కూడా అదే.

ఓడ రేవులోకి వచ్చేది తెల్లవారుజామున. ఐదు గంటల ప్రాంతంలో మంచం కింద నుంచి గరగరమని చప్పుడు మొదలవుతుంది. టేబుల్ మీది గాజు గ్లాసు సన్నగా వణుకుతుంది. కంగారు పడకండి. అంత పెద్ద ఓడని పక్కకి జరిపి గట్టుకి ఆనించడానికి నీటి మట్టం కింద అడ్డంగా పంకాలుంటాయి, వాటిని థ్రస్టర్లంటారు. ఓడ ముందు భాగంలో, కింది డెక్కుల్లో కేబిన్ దొరికినవాళ్ళకి ఆ రోజు వేరే అలారం అక్కర్లేదు. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది. ఇన్ని రోజులూ వీపు కింద ఉన్న ఊగు కూడా ఉండదు. కర్టెన్ తీస్తే సముద్రం బదులు సిమెంటు గట్టు కనిపిస్తుంది. పసుపు జాకెట్ల మనుషులు, ఇనుప బోనుల్లో మన సూట్‌కేసులు మోసుకెళ్తున్న ఫోర్క్‌లిఫ్టులు, వంట సరుకు దింపడానికి వరసలో నిలబడ్డ లారీలు.

సరిగ్గా ఇక్కడే మనకి కాలు నిలవదు. స్టేషన్ ఇంకా రాకముందే సామాను పట్టుకుని తలుపు దగ్గర నిలబడే అలవాటు మనది. ఓడ ఆగింది కదా, దిగిపోదాం అనుకుంటాం. కానీ ఓడ ఆగడానికీ, మనుషుల్ని దింపడానికీ మధ్య చాలా పనుంది. అధికారులు ఓడకి క్లియరెన్స్ ఇవ్వాలి. రాత్రి కారిడార్‌లో పెట్టిన వేల పెట్టెలు టెర్మినల్‌లోకి చేరి, ట్యాగ్ రంగులవారీగా సర్దుకోవాలి. అప్పుడు ముందుగా ఎవరి సామాను వాళ్ళే మోసుకుని దిగుతామని చెప్పినవాళ్ళని వదుల్తారు. ఆ తర్వాత ట్యాగ్‌ల నంబర్లు, రంగుల ప్రకారం మిగతావాళ్ళని. పెద్ద ఓడలో మూడు, నాలుగు వేలమంది దిగాలి. అదే రోజు మధ్యాహ్నానికి మళ్ళీ అంతమంది ఎక్కుతారు. వాళ్ళలో ఒకరు మీ మంచం మీదే పడుకుంటారు కాబట్టి మీ కేబిన్ శుభ్రం చేసే మనిషికి ఆ పొద్దున ఊపిరాడదు.

"అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగుతున్నాం, మళ్ళీ ఇమ్మిగ్రేషన్ ఏంటి?" అని అడిగేవాళ్ళు చాలామంది. దీని వెనక 1886 నాటి చట్టం ఒకటుంది. వేరే దేశం జెండాతో తిరిగే ఓడలు అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదని దాని సారాంశం. మనం ఎక్కే పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహమాస్, పనామా, బెర్ముడా, మాల్టా లాంటి చోట్ల రిజిస్టరైనవి. అందుకని బయల్దేరిన రేవుకే తిరిగొచ్చినా, మధ్యలో కనీసం ఒక్క విదేశీ రేవైనా తాకాలి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలు కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగడం వెనక ఉన్నది ఈ చట్టమే. అంటే, మీరు సరదాగా నాలుగు రోజులు తిరిగొచ్చినా, కాగితాల లెక్కలో దేశం దాటి వెళ్ళి మళ్ళీ వస్తున్నట్టే.

ఇందులో కొత్తవాళ్ళకి పెద్ద ఉచ్చు ఒకటుంది. పక్క సీటు అమెరికన్ "క్లోజ్డ్ లూప్ క్రూజే కదా, పాస్‌పోర్ట్ ఎందుకు, బర్త్ సర్టిఫికెట్ చాలు" అంటాడు. క్లోజ్డ్ లూప్ అంటే ఎక్కిన రేవుకే తిరిగొచ్చేది. అతను చెప్పింది అబద్ధం కాదు, కానీ అది అమెరికా పౌరులకి, అదీ పెద్దవాళ్ళైతే ఫోటో ఐడీతో కలిపి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు ఆ కార్డు తీసుకెళ్ళాలి. వీసా మీద ఉన్నవాళ్ళకి ఒరిజినల్ పాస్‌పోర్టు, అందులో గడువు దాటని వీసా స్టాంపు కావాలి. ఉద్యోగం మీద వచ్చే హెచ్-1బి అయితే ఐ-797 అనే ఆమోద పత్రం, విద్యార్థులైతే కాలేజీ వాళ్ళ ట్రావెల్ సంతకం ఉన్న ఐ-20 ఫారం కూడా దగ్గరుండాలి. స్టాంపు గడువు అయిపోయి, ఇక్కడే ఎక్స్‌టెన్షన్ మీద ఉన్న హెచ్-1బి వాళ్ళు మరీ జాగ్రత్త. ముప్పై రోజుల్లోపు తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే వెసులుబాటు ఒకటుంది, ఆటోమేటిక్ రివాలిడేషన్ అంటారు. హెచ్-1బికి అది కెనడా, మెక్సికోల వరకే. ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌చేంజ్) వీసాల వాళ్ళకైతే క్యూబా తప్ప పక్కనున్న దీవులకీ వర్తిస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే ఓడలో, విద్యార్థి చెల్లెలికి వర్తించే రూలు ఉద్యోగం చేస్తున్న అన్నకి వర్తించదు. బహమాస్ క్రూజ్ బుక్ చేసే ముందే ఇది చూసుకోవాలి. ఆఖరి రోజు పొద్దున కేబిన్‌లో కూర్చుని చూసుకునే విషయం కాదు.

ఇక నా కథ. మా మొదటి క్రూజ్‌కి మామగారూ అత్తగారూ కూడా వచ్చారు. ఆఖరి రోజు నేను ఏడింటికే అందరినీ లేపి, తయారుచేసి, చేతి సంచులతో మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. మనకంటే ముందు అక్కడికి మూడొందలమంది వచ్చి ఉన్నారు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లోపల సూట్‌కేసులు, స్ట్రోలర్లు, వాటి మధ్య ఇరుక్కున్న మొహాలు. మా నంబరు పిలిచేసరికి తొమ్మిది దాటింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన రెండు గంటలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఏమీ అనలేదు. "బీపీ బిళ్ళ వేసుకోవాలి బాబూ" అని మాత్రం ఒకసారి అన్నారు. ఆ బిళ్ళలు రాత్రి నేనే సర్ది కారిడార్‌లో పెట్టిన పెద్ద పెట్టెలో ఉన్నాయి.

తర్వాత తెలిసింది, మా కేబిన్ అప్పటికింకా ఎవరూ ముట్టుకోనేలేదట. ఎనిమిదిన్నర దాకా మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆ తర్వాత ఏ లాంజ్‌లోనో కుర్చీ దొరికేది. నేను పెట్టిన పరుగు వల్ల ఒక్క నిమిషం కూడా ముందు దిగలేదు.

అప్పట్నుంచి నా లెక్క ఇది: ఆఖరి పొద్దున ఎలా గడుస్తుందనేది ముందు రోజు రాత్రే తేలిపోతుంది. పెద్ద పెట్టెలకి ట్యాగ్ కట్టి, చెప్పిన టైములోపు, సాధారణంగా పది పదకొండు గంటల్లోపు, తలుపు బయట పెట్టేస్తారు. తలుపు మూసేముందు చేతి సంచిలో ఏం మిగిలాయో ఒక్కసారి బయటికి తీసి చూసుకోండి. మందులు, పాస్‌పోర్టులు, కాగితాలు, ఛార్జర్, కళ్ళజోడు, మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు. చెప్పులని నవ్వొద్దు. బట్టలు ఉంచుకుని చెప్పులు పంపేసిన మనిషి స్నానాల గది స్లిప్పర్లతో ఇమ్మిగ్రేషన్ లైన్‌లో నిలబడటం నా కళ్ళతో చూశాను.

పాస్‌పోర్టులు సేఫ్‌లో పెట్టే అలవాటుంటే ఆ రాత్రే తీసేయండి. సేఫ్ తలుపు తెరిచే ఉంచండి. పొద్దున గది ఆఖరిసారి చూసుకునేటప్పుడు తెరిచి ఉన్న తలుపు ఖాళీదని తెలుస్తుంది, మూసున్న తలుపు గుర్తే ఉండదు.

బిల్లు కూడా రాత్రే చూడాలి. యాప్‌లోనో టీవీలోనో మీ ఖాతా కనిపిస్తుంది. తప్పుడు ఛార్జీ ఏదైనా ఉంటే అప్పుడే గెస్ట్ సర్వీసెస్ దగ్గరికి వెళ్ళండి. పొద్దున ఆ కౌంటర్ ముందు లైను చూస్తే, పోతే పోనీ అనిపిస్తుంది. కేబిన్ చూసుకున్న మనిషికి విడిగా ఏమైనా ఇవ్వాలనుకుంటే అదీ రాత్రే, చేతికి. పొద్దున వాళ్ళు మీకు దొరకరు.

ఇక కుర్రాడి అసలు ప్రశ్న, ఎక్కడ కూర్చోవాలి? ఇది ఓడని బట్టి ఉంటుంది. కొన్ని కంపెనీలు మీ నంబరు పిలిచేదాకా కేబిన్‌లోనే ఉండమంటాయి. కొన్ని ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య ఖాళీ చేసి ఫలానా లాంజ్‌లోనో థియేటర్‌లోనో కూర్చోమంటాయి. ముందు రోజు ఇచ్చే కాగితంలో, యాప్‌లో ఇది స్పష్టంగా ఉంటుంది. చదవండి. కేబిన్‌లో ఉండనిస్తే చివరి నిమిషం దాకా ఉండండి, మొహమాటం అక్కర్లేదు. గదికి మీరు డబ్బు కట్టారు. కాకపోతే సామాను సర్దుకుని, మంచం మీద చెత్త లేకుండా, తలుపు తడితే రెండు నిమిషాల్లో లేచేట్టు ఉండాలి. అది కనీస మర్యాద.

కేబిన్‌లో కూర్చున్నవాళ్ళకి ఉండే భయం ఒక్కటే, పిలుపు వినపడదేమోనని. నిజమే, చాలా ఓడల్లో అనౌన్స్‌మెంట్ కారిడార్లలో, డెక్కుల మీద వస్తుంది కానీ గది లోపలి స్పీకర్‌లో రాదు. దీనికి ఉపాయాలున్నాయి. టీవీలో ఓడ తాలూకు ఛానెల్ పెట్టుకుంటే కొన్నిట్లో అక్కడా వినిపిస్తుంది. యాప్‌లో మెసేజ్ కూడా వస్తుంది. ఏదీ కుదరకపోతే తలుపు కొంచెం తెరిచి, సందులో మడిచిన తువ్వాలు పెట్టి కూర్చోండి. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే. తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే కారిడార్ మొత్తం వినిపిస్తుంది. ఎవరి పెట్టె చక్రమో ఊడిపోయి కార్పెట్ మీద ఈడ్చుకుపోతున్న శబ్దం, ఇంటికి రానని ఏడుస్తున్న పిల్లాడు, దుప్పట్ల బండి.

పిలుపు వచ్చినా వెంటనే పరిగెత్తక్కర్లేదు. మీ నంబరు పిలిచారంటే అప్పట్నుంచి ఎప్పుడైనా దిగొచ్చని అర్థం, ఆ నిమిషమే దిగాలని కాదు. పది నిమిషాలు ఆగితే లిఫ్ట్ ఖాళీ అవుతుంది. పెద్దవాళ్ళకి వీల్‌చెయిర్ కావాలంటే మాత్రం ముందు రోజే చెప్పి ఉంచాలి. వాళ్ళకి విడిగా చోటూ, టైమూ ఇస్తారు.

ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి, ఓడ కట్టేసిందని ఖాయంగా తెలిసేదాకా. సముద్రం మీది నెట్‌వర్క్ అంటుకుంటే బిల్లు తర్వాత తెలుస్తుంది. కీ కార్డు జేబులో పెట్టుకోండి. దిగేటప్పుడు దాన్ని స్కాన్ చేస్తేనే మీరు ఓడ దిగినట్టు.

దారిలో తినడానికని బఫే నుంచి యాపిల్, అరటిపండు సంచిలో వేసుకోకండి. మన పెద్దవాళ్ళు ఇది తప్పక చేస్తారు, మనకి చెప్పరు కూడా. ఓడలో కడుపునిండా తినొచ్చు, గట్టు మీదికి పండు తేకూడదు. టెర్మినల్‌లో వాసన పట్టే కుక్కలుంటాయి. డిక్లేర్ చేయకుండా దొరికితే, సొంతానికి తెచ్చుకున్నదే అయినా, మొదటిసారికే జరిమానా వేసే అధికారం కస్టమ్స్ వాళ్ళకుంది. గది వదిలేముందు అమ్మ చేతి సంచి ఒకసారి మీరే చూడండి, కాస్త నొచ్చుకున్నా సరే.

కిందికి దిగాక పని తేలికే. చాలా రేవుల్లో ఇప్పుడు కెమెరా ముందు నిలబడితే మొహాన్ని పాస్‌పోర్ట్ ఫోటోతో పోల్చి చూస్తారు. వీసా మీద ఉన్నవాళ్ళతో ఆఫీసర్ రెండు మాటలు మాట్లాడొచ్చు, కాగితాలు పైన పెట్టుకోండి. పెట్టె తీసుకునేటప్పుడు ట్యాగ్ మీద పేరు చదవండి, నల్ల సూట్‌కేసులు అక్కడ వందలుంటాయి. ఫ్లైటు సంగతి చెప్పాను కదా, మధ్యాహ్నం దాటాకే పెట్టుకోండి. చలికాలంలో గాల్వెస్టన్, టాంపా లాంటి రేవుల్లో పొగమంచు పడితే ఓడ బయటే గంటల తరబడి ఆగిపోతుంది. అప్పుడు ఎవరి నంబరూ పనికి రాదు.

ఇంటికి చేరాక ఆ రాత్రే అందరి ఐ-94లూ, అంటే దేశంలోకి ఎప్పుడొచ్చారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డులు, ఆన్‌లైన్‌లో చూడండి. కొత్త ఎంట్రీ పడిందా, తేదీ ఎంతదాకా ఇచ్చారు, పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి తేదీ కుదించారా అని. అమ్మానాన్నలకి మళ్ళీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని మాత్రం లెక్కలేసుకోవద్దు, అక్కడ కనిపించిన తేదీయే లెక్క.

కుర్రాడు పోయిన ఆదివారం తిరిగొచ్చాడు. ఫ్లైటు మూడింటికి మార్చుకున్నాడట. తొమ్మిదింబావు దాకా కేబిన్‌లోనే కూర్చున్నారట. వాళ్ళ నాన్న బాల్కనీలోంచి ఫోర్క్‌లిఫ్టులు లెక్కపెట్టారట, పదకొండు. ఒక్కటే కంప్లయింట్ చెప్పాడు, ఇంటికొచ్చాక కూడా అమ్మకి నేల ఊగుతున్నట్టే ఉందని. అది మామూలే. ఒళ్ళు ఇంకా ఓడ మీదే ఉందనుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందని చెప్పాను.