స్టాండు కొన్నా మెడనొప్పి వదలడం లేదా?

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం. రోజూ ఎనిమిది గంటలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ ముందే గడుస్తాయి. సాయంత్రానికి మెడ పట్టేస్తోందని స్టాండు కొన్నాను. ఇప్పుడు మెడతో పాటు భుజాలూ లాగుతున్నాయి. తల వంచినప్పుడు హెచ్చరించే యాప్ ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ బల్ల సరిచేసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకే చట్రానికి బిగించి ఉంటాయి. తెరను కళ్ల ఎత్తుకు లేపితే కీబోర్డు కూడా పైకి పోతుంది. దాన్ని అందుకోవడానికి మీరు రోజంతా భుజాలు ఎగదీసి టైప్ చేస్తున్నారు. అందుకే ఆ లాగుడు. విడిగా ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ తీసుకోండి. తెర పై అంచు కళ్లకు సమానంగానో కాస్త కిందికో ఉండాలి. మోచేతులు ఒంటికి ఆనుకుని ఉండాలి. తెర చేయి చాపినంత దూరంలో ఉంటే చాలు. స్టాండు లేనివారు లావుపాటి పుస్తకాలు పేర్చుకోవచ్చు, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి.

ఇంత చేసినా కాసేపటికి తల ముందుకు జరిగిపోతుంటే, తెర మీది అక్షరాలు చిన్నవిగా ఉన్నాయేమో చూడండి. నాకు ఎక్కువగా కనిపించే కారణం ఇదే. తెలుగు చదివేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. వరుస కింద ఇరుక్కున్న వత్తు ‘క’నో ‘త’నో తేల్చుకోవడానికి తెలియకుండానే గడ్డం ముందుకు చాపుతాం. విండోస్ 11లో డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘స్కేల్’ను 125 నుంచి 150 శాతానికి మార్చండి. బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ మీటలు కలిపి నొక్కితే పేజీ పెద్దదవుతుంది. పైసా ఖర్చు లేదు.

మీ వయసు రాయలేదు. రెండు పవర్ల కళ్లద్దాలు వాడుతుంటే పైన చెప్పిన ఎత్తు మీకు సరిపడదు. కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తాల్సి వస్తుంది కాబట్టి తెరను ఇంకాస్త దించండి.

పని ముగిశాక ఫోన్ పట్టుకుంటారు కదా, మెడకు అసలు బరువు అప్పుడే. న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో కంప్యూటర్ నమూనాతో దీన్ని లెక్కగట్టారు. నిటారుగా ఉన్నప్పుడు సుమారు 5 కిలోలుండే తల భారం, 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోలకు చేరుతుందట. ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆన్చి ఫోన్‌ను ఛాతీ ఎత్తుకు తెచ్చుకోండి. పొడవాటి సందేశాలు టైప్ చేయకుండా జీబోర్డ్‌లో (ఫోన్‌లో గూగుల్ వారి కీబోర్డు యాప్) మైకు గుర్తు నొక్కి తెలుగులోనే చెప్పండి.

ఇక యాప్. అలాంటివి కొన్ని వెబ్‌క్యామ్‌ను రోజంతా తెరిచే ఉంచుతాయి. ఇంట్లో కూర్చుని పనిచేసే వారికి దాన్ని నేను సిఫారసు చేయను. మీరు పనిలో మునిగి ఉన్నప్పుడు పక్క నుంచి ఒక ఫొటో తీయమని ఇంట్లోవారికి చెప్పండి. చెవి, భుజం ఒకే గీతలో ఉన్నాయా, చెవి ముందుకు పోయిందా అన్నది అందులో తెలిసిపోతుంది. ఫోన్‌లో అరగంటకొక టైమర్ పెట్టుకుని, మోగగానే లేచి నాలుగడుగులు వేయండి.

నొప్పి చేతిలోకి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా ఈ సర్దుబాట్లతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపించండి.